డబ్బా అడుగున పాస్‌వర్డు

మార్కాపురంలో శేషాద్రి చేతిరాత లేని వంటిల్లు కనిపిస్తే, ఆ ఇంటివాళ్లు ఊరికి కొత్తయినా అయ్యుండాలి, ప్లాస్టిక్ గిన్నెల్లో తినేవాళ్లయినా అయ్యుండాలి. రెండో రకం వాళ్లను ఆయన మనుషుల్లో జమకట్టేవాడు కాదు. బజార్లో ఆయనది స్టీలు సామాన్ల దుకాణం. సామాను అమ్మేవాళ్లు ఊళ్లో ఇంకా నలుగురున్నారు గానీ, పేరు కొట్టించుకోవడానికి మాత్రం వాళ్ల దగ్గర కొన్నవాళ్లు కూడా శేషాద్రి దగ్గరికే వచ్చేవాళ్లు. బిందెను ఒళ్లో పడుకోబెట్టుకుని, కరెంటు మిషను చేతబట్టి, నాలుక కొసను పళ్ల మధ్య బిగించి ఆయన పని మొదలుపెడితే, ఆ గుయ్యిమనే మోతకు ఎదురుగా ఉన్న మందుల షాపులో మాటలు వినపడేవి కావు. మోత ఆగేసరికి బిందె మెడ కింద గుండ్రటి అక్షరాలు వరసగా కూర్చుని ఉండేవి.

ఈ విద్య ఆయనకు తండ్రి నేర్పాడు. రాతి పలకల ఫ్యాక్టరీల బయట పారబోసిన ముక్కలు ఏరుకొచ్చి, చేతికి మేకు ఇచ్చి, ఏడాదిపాటు వాటి మీదే రాయించాడు. "తప్పులన్నీ రాతి మీద చెయ్యి నాయనా. స్టీలు మీద తప్పు పడిందంటే అది నీకంటే నాకంటే ఎక్కువకాలం బతుకుతాది" అనేవాడు. అప్పటినుంచి నలభై అయిదేళ్లలో శేషాద్రి ఒక్క తప్పు కొట్టలేదు. ఒకసారి పక్కింటి రంగనాయకమ్మ తన పేరులో ఒత్తు ఎగిరిపోయిందని గిన్నె పట్టుకుని బజారుకెక్కింది. శేషాద్రి గోటితో గీకి చూస్తే ఒత్తు మీద ఎండిన పప్పు అంటుకుని ఉంది. ఆ తర్వాత వారంపాటు ఆమె దుకాణం వైపు రాలేదు.

పేరు కొట్టడం వెనక ఆయనకో నమ్మకం ఉండేది. పేరున్న వస్తువును ఎవరికైనా ధైర్యంగా ఇవ్వొచ్చు, నాలుగిళ్లు తిరిగి అదే వస్తుంది, కాబట్టి అడిగినవాళ్లకు లేదనాల్సిన పనిలేదు అని. బోర్లన్నీ ఎండిపోయి వీధికి ట్యాంకరు తోలిన ఏడు, బిందెలు తారుమారై ఆడవాళ్లు జుట్లు పట్టుకునేదాకా వస్తే, శేషాద్రి రోడ్డు మీదే స్టూలు వేసుకుని వీధి బిందెలన్నిటికీ ఊరికే పేర్లు కొట్టాడు. ఎవరి వెనక ఎవరో వంతులు కూడా కట్టాడు. ఆయన కట్టిన వంతు దాటడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు. ఆ ఎండాకాలం గడిచాక ట్యాంకరు రావడం మానేసింది గానీ, వంతు అనేసరికి శేషాద్రిని పిలవడం మాత్రం జనం మానలేదు.

ఇట్లాంటి మనిషికి దేశంలో ఇంకే పనీ దొరకనట్టు, దొంగతనంగా పంచుకునే అకౌంట్లు పట్టుకునే అల్లుడు దొరికాడు.

అల్లుడి పేరు అనిల్ కుమార్. గిద్దలూరు అబ్బాయే. హైదరాబాదులో 'పందిరి' అనే కంపెనీలో ఉద్యోగం. ఫోన్లోనూ టీవీలోనూ సినిమాలు, సీరియళ్లు చూపించే కంపెనీ అది. చందా కట్టిన ఇల్లు ఒకటైతే చూసే ఇళ్లు పది ఉంటున్నాయని, అట్లాంటివాళ్లను కంప్యూటరుతో పట్టుకునే లెక్క తయారుచెయ్యమని అతన్ని కూర్చోబెట్టారు. ఉద్యోగులకు కంపెనీ ఒక అకౌంటు ఊరికే ఇస్తుంది. భార్య వర్షిణికి సీరియళ్లంటే తలనొప్పి కాబట్టి, అనిల్ దాన్ని దసరాకు వచ్చినప్పుడు అత్తామామలకు పెట్టిపోయాడు. లోపలికి పోవడానికి దుకాణం ఫోన్ నంబరు కొట్టాలి. పాస్‌వర్డు ఇంగ్లీషు అక్షరాల్లో వర్షిణి పేరు, పక్కన 1408.

"మీ అమ్మాయి పేరు, మా పెళ్లి తేదీ. ఇంక మర్చిపోరు అత్తయ్యా" అన్నాడు.

నాలుగు రోజులు మర్చిపోలేదు. అయిదోరోజు మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అని భార్యాభర్తలకు వాదన పడింది. శేషాద్రి భార్య ఉమామహేశ్వరి చిన్నదంటుంది, ఆయన పెద్దదంటాడు. అల్లుడికి ఫోన్ చేసి తేల్చుకున్నాక, మళ్లీ ఈ గొడవ రాకుండా శేషాద్రి తనకు తెలిసిన పని తాను చేశాడు. టీవీ పక్కన ఎప్పుడూ ఉండే కాఫీ గ్లాసును దుకాణానికి తీసుకుపోయి దాని అడుగున పాస్‌వర్డు కొట్టుకొచ్చాడు.

మనవాళ్లకు ఒక అలవాటుంది. పక్కింట్లో గ్లాసు చేతికొస్తే తాగాక దాన్ని తిప్పి అడుగు చదవకపోతే తాగినట్టే ఉండదు. మర్నాడు రంగనాయకమ్మ కాఫీ తాగింది, గ్లాసు తిప్పింది.

"ఇదేంది శేషాద్రన్నా, వర్షిణి పేరు పక్కన నంబరేసినావు?"

ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె తనకూ కావాలంది. పెళ్లికి గుండిగలు అడిగితే లేదనని మనిషి, నాలుగంకెలు అడిగితే లేదంటాడా? ఇచ్చాడు. రంగనాయకమ్మ దర్శిలో ఉన్న చెల్లెలికి చెప్పింది. ఆ చెల్లెలి ఆడబిడ్డది చంద్రశేఖరపురం. గిద్దలూరులో వియ్యాలవారి వైపు వాళ్లు మాకు లేదా అన్నారు. దుకాణానికి గిన్నెల కోసం వచ్చేవాళ్లు గిన్నెతోపాటు పాస్‌వర్డు కూడా రాసుకుని పోయేవాళ్లు, ఇంటికి పోయి ఫోన్ చేసి మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అని అడిగేవాళ్లు. రోజుకు పదిసార్లు ఇదే జవాబు చెప్పి చెప్పి శేషాద్రికి విసుగొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆయన షష్టిపూర్తి వచ్చింది. వచ్చినవాళ్లకు పంచడానికి మూతలున్న చిన్న స్టీలు డబ్బాలు అరవై పక్కన పెట్టాడు. మూత మీద 'శేషాద్రి, ఉమామహేశ్వరి, షష్టిపూర్తి' అని కొట్టాడు. పక్కన దుకాణం ఫోన్ నంబరు ఎటూ ఉంటుంది. ఎటూ మిషను చేతిలో ఉంది కదా అని, ఒక్కొక్క డబ్బానూ బోర్లించి అడుగున పాస్‌వర్డు కూడా కొట్టేశాడు. దొంగ అకౌంట్లు పట్టుకునే అల్లుడు ఆ ఫంక్షన్లోనే, అక్కడే, అరటాకు ముందు కూర్చుని పూర్ణాలు తింటున్నాడు. సెలవు చాలక ఆ సాయంత్రమే హైదరాబాదు రైలెక్కాడు కాబట్టి డబ్బా తీసుకుపోవడం మర్చిపోయాడు.

ఫోన్లు ఆగాయి అనుకుంటే కొత్తవి మొదలయ్యాయి. ఒకేసారి నలుగురే చూడాలట, అయిదోవాళ్లు తెరిస్తే 'ఇప్పుడు కుదరదు' అని వస్తుందట. దర్శి వాళ్ల వల్ల మాకు రావడంలేదని గిద్దలూరు వాళ్లు, గిద్దలూరు వాళ్లు పొద్దస్తమానం తెరిచే ఉంచుతారని దర్శి వాళ్లు. శేషాద్రికి ఇదేమీ కొత్త కాదు. నీళ్లయితేనేం, సీరియలయితేనేం? పెద్ద పళ్లెం ఒకటి తీసుకుని దాని మీద గళ్లు గీసి వంతులు కొట్టాడు. పొద్దున వంటలు కాకముందు గిద్దలూరు. మధ్యాహ్నం దుకాణాలు మూసే వేళకు దర్శి. నాలుగింటికి చంద్రశేఖరపురం. కొనకనమిట్ల వైపు కూలికి పోయేవాళ్లు పొలాల నుంచి వచ్చేది దీపాలు పెట్టే వేళకు గనక ఆరునుంచి ఏడుదాకా వాళ్లది. ఏ వేళకైనా నాలుగిళ్లు, నాలుగే. వారానికొకసారి ఇళ్లు మారతాయి.

ఆ కొనకనమిట్ల వంతు సరోజమ్మ వల్ల వచ్చింది. వాళ్ల చర్చిలో విందుకు గిన్నెలు కొని పేర్లు కొట్టించుకుపోవడానికి వచ్చి, మాటల్లో ఈ సంగతి విని, "మేము పైసలిచ్చే వస్తువులు కొంటాం, ఊరికే ఇచ్చేవి మాత్రం బజారోళ్లకేనా అన్నా?" అని నవ్వుతూనే నిలదీసింది. శేషాద్రి అక్కడికక్కడే డబ్బా ఇచ్చి వంతు కట్టాడు. సరోజమ్మ చూసేది పోలీసు కోడలి సీరియల్. పగలంతా మిరప చేలో వంగి వంగి, సాయంత్రం కూతురు రోజీతో కలిసి గంటసేపు ఆ కోడలు అత్తను లాకప్పులో వేస్తుంటే చూడకపోతే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఎనిమిది నెలలు ఈ ఏర్పాటు గడియారంలా నడిచింది. ఒకరి వంతులో ఇంకొకరు వేలు పెట్టలేదు. శేషాద్రి ఆ పళ్లేన్ని దుకాణంలో తన కుర్చీ వెనక గోడకు తగిలించుకుని, వచ్చినవాళ్లు చదువుతుంటే మీసం దువ్వుకునేవాడు.

ఒక బుధవారం మధ్యాహ్నం అనిల్ ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం, భయం కలిసి ఉన్నాయి.

"మామయ్యా, మా మేడమ్ తనూజగారు, నేను శనివారం మార్కాపురం వస్తున్నాం. మీ ఏరియాలో ఒక అకౌంటు ఉంది. తొంభై మూడు ఫోన్లలో తెరుస్తున్నారు."

శేషాద్రి చేతిలో మిషను ఆగింది.

"ఎవురిదంట?" అన్నాడు.

"పేర్లు, ఫోన్ నంబర్లు మాకు కనపడవు మామయ్యా. ఏదో ఒక కోడు, ఊళ్లు, టైములు, అంతే. మామూలుగా పంచుకునే అకౌంటయితే అయిదోవాడు వచ్చి మీద పడతాడు, గొడవ కనిపిస్తుంది. దీంట్లో ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా నాలుగు దాటలేదు. అందుకే నేను తయారుచేసిన లెక్క, ఇది ఒకే పెద్ద కుటుంబం అని చెప్పింది. మేడమ్ నమ్మడంలేదు. అది నిజంగా కుటుంబమే అయితే నా లెక్కను దేశమంతా పెడతారు. కాదని తేలితే..." అని ఆగాడు. "నేను ఈ పనికి వచ్చి ఏడాది కూడా కాలేదు మామయ్యా. తీసేస్తారు."

"మీరేం దిగులు పడబాకండి అల్లుడుగారూ" అన్నాడు శేషాద్రి. ఫోన్ పెట్టేశాక ఆయన తలెత్తి గోడమీద పళ్లెం వైపు చూశాడు. ఎనిమిది నెలలుగా ఊరందరికీ చదివిపెట్టిన పళ్లెం. దాన్ని దించి, ఇంటికి పోయి, బియ్యం బస్తా కింద తోసేశాడు.

భయం ఒకవైపు పట్టుకున్నా ఆయన బుర్ర పనిచేయడం మానలేదు. కొట్టినవాడికి చెరపడం కూడా తెలుసు. షష్టిపూర్తి డబ్బాలు తెచ్చినవాళ్లకు ఊరికే పాలిష్ పట్టి కొత్తవాటిలా చేసిస్తానని కబురు వదిలాడు. ఊరికే అనేసరికి గురువారం పొద్దుటికే దుకాణం ముందు జనం. మూతల మీద పేర్లు అట్లే ఉంచి, అడుగులు మాత్రం చక్రానికి ఆనించి నున్నగా చేశాడు. "పాస్‌వర్డు పోయిందేంది?" అని అడిగినవాళ్లకు, "మాట్లాడబాకండి, రెండురోజులు ఎవరూ తెరవబాకండి" అని చేతులు జోడించాడు. టీవీ పక్కన గ్లాసు అడుగు కూడా అరగదీశాడు. పంచినవి యాభై ఒకటి. శుక్రవారం సాయంత్రానికి యాభై తేలాయి. సరోజమ్మది ఒక్కటే రావాలి.

ఉమామహేశ్వరికి మాత్రం ఏమీ చెప్పలేదు. ఆమెకు చెబితే రంగనాయకమ్మకు చెప్పినట్టు, రంగనాయకమ్మకు చెబితే ఆటోకు మైకు కట్టి తిప్పినట్టు అని ఆయన లెక్క. నలభై అయిదేళ్లలో స్టీలు మీద తప్పు చెయ్యని మనిషి, సంసారంలో చేసిన తప్పు ఇదే.

శనివారం పొద్దున్నే దిగి ఊరంతా ఒక చుట్టు తిరిగి, పదకొండింటికి అనిల్, తనూజ దుకాణానికి వచ్చారు. తనూజది విజయవాడ. నలభై ఏళ్లుంటాయి. మాట నెమ్మది, చూపు మాత్రం ఒక్కచోట నిలిచేది కాదు. గోడ మీద పళ్లెం తీసేసినచోట తెల్లగా ఉన్న గుండ్రటి మచ్చ కేసి కూడా ఆమె రెండుసార్లు చూసింది.

"ఇంత పద్ధతిగల కుటుంబం నేనెక్కడా చూడలేదండీ" అంది కూల్‌డ్రింకు తాగుతూ. "తొంభైమంది, నాలుగైదు ఊళ్లు. ఎవరి టైముకు వాళ్లు వస్తారు, టైమైపోగానే వెళ్లిపోతారు. ఇది నిజమైతే ఆ ఇంటి పెద్దకి దండం పెట్టాలి."

అంత భయంలోనూ శేషాద్రికి ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఇంటి పెద్ద ఎవరో చెప్పాలని నాలుక కొస దాకా వచ్చిన మాటను కష్టపడి మింగాడు.

అంతలో బస్సు దిగి సరోజమ్మ వచ్చింది. సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టి, ముందూ వెనకా చూసుకోకుండా, "ఏందన్నా, పాలిష్ సంగతి సరే. మా ఆరింటి వంతు ఉంటాదా పోతాదా? అది చెప్పు ముందు" అంది.

"వంతేమిటి?" అంది తనూజ.

శేషాద్రి డబ్బా మీద అరచెయ్యి వేసి మూసేశాడు. "నీళ్ల వంతమ్మా. ట్యాంకరు" అన్నాడు.

సరోజమ్మ ఆయన మొహం చూసింది, అల్లుడి మొహం చూసింది, కొత్తామె మెడలో వేలాడుతున్న కంపెనీ కార్డు చూసింది. "అవునమ్మా, నీళ్లే" అంది. "సాయంత్రం ఆరింటికి గంటసేపు వదుల్తారు. మధ్యలో అడ్వర్టైజుమెంట్లు కూడా రావు."

శేషాద్రి గబగబా మిషను ఆన్ చేశాడు. ఆ గుయ్యిమనే మోతలో ఆ మాట తనూజ చెవిన పడిందో లేదో తెలియలేదు. సరోజమ్మ డబ్బా అడుగు కూడా నున్నగా అయింది. యాభై ఒకటీ పూర్తయ్యాయి. ఆయన ఊపిరి పీల్చుకుని అతిథుల్ని భోజనానికి ఇంటికి తీసుకుపోయాడు.

ఉమామహేశ్వరి గోంగూర పచ్చడి, కందిపప్పు, కారం కూరిన వంకాయ, చేగోడీలతో సహా వడ్డించింది. తనూజ వద్దనేకొద్దీ నెయ్యి పోసింది. భోజనాలయ్యాయి. శేషాద్రి గడియారం చూసుకుంటున్నాడు. ఇంకో పది నిమిషాలు, కారెక్కుతారు, అయిపోతుంది. తనూజ చేతులు కడుక్కుని బ్యాగు తీసుకుంది.

ఇంటికొచ్చిన ఆడమనిషిని ఒట్టి చేతులతో పంపే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఉమామహేశ్వరి లోపలికి పోయి, బొట్టు పెట్టి, రవికె గుడ్డ, రెండు అరటిపళ్లు, వక్కా ఆకూ పెట్టి, వాటి మీద ఇనప్పెట్టెలోంచి తీసిన ఒక చిన్న స్టీలు డబ్బా ఉంచి తెచ్చి తనూజ చేతిలో పెట్టింది. పేర్లు కొట్టినవి అరవై, పంచినవి యాభై ఒకటి. మిగిలిన తొమ్మిది ఇట్లాంటి సమయాలకే పనికొస్తాయని ఆమె దాచిపెట్టుకుంది. ఆ తొమ్మిదీ శేషాద్రి లెక్కలో లేనేలేవు.

"మా షష్టిపూర్తివమ్మా. మాయన సొంతంగా కొట్టినాడు" అంది.

తనూజ మూత చదివి ముచ్చటపడింది. తర్వాత, మనవాళ్లందరూ చేసేపనే తానూ చేసింది. డబ్బా తిప్పి అడుగు చూసింది.

శేషాద్రి అరచెయ్యి చాచాడు గానీ డబ్బా అందేంత దగ్గర లేదు.

"వర్షిణి... మీ అమ్మాయి పేరు కదా? ఈ 1408 ఏమిటి?"

"పెళ్లి తేదీ అమ్మా" అంది ఉమామహేశ్వరి మురిసిపోతూ.

"ఎంత ప్రేమండీ! గిన్నె మీద కూడా కూతురి పెళ్లిరోజు" అంటూ తనూజ డబ్బాను బ్యాగులో వేసుకుంది. అంతే. ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. గట్టెక్కేశాం అనుకుని శేషాద్రి సంతోషం పట్టలేక అల్లుడి వైపు తిరిగాడు.

అనిల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పేరూ ఆ అంకెలూ తన చేత్తో పెట్టినవి. ఒక్కసారి చూస్తే చాలు, ఆ తొంభై మూడు ఫోన్ల ఇంటి పెద్ద ఎవరో అతనికి తెలిసిపోయింది. కానీ అతను నోరు తెరవలేదు. మామగారి మొహం చూసి తల దించుకున్నాడు.

"సరే అనిల్" అంది తనూజ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ. "ఊరంతా తిరిగినా తప్పేమీ కనపడలేదు. నీ లెక్కే నిజమని సోమవారం రాసేస్తాను. దేశం మొత్తం ఇదే పెడదాం, నీ పేరుతోనే."

నీ పేరుతోనే అన్న మాట శేషాద్రికి ఎక్కడో తగిలింది. ఆయనకు ఆ క్షణంలో తండ్రి గుర్తొచ్చాడు, చేతిలో మేకు గుర్తొచ్చింది. పిల్లవాడి పేరు మీద దేశమంతటా ఒక తప్పు పడబోతోంది. అది తప్పని పిల్లవాడికి తెలుసు, జీవితాంతం తెలుస్తూనే ఉంటుంది. తన కోసం నోరు కట్టేసుకున్నాడు. శేషాద్రి తనూజ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఆ డబ్బా ఇట్లియ్యి" అన్నాడు. "అది పెళ్లి తేదీయే గానీ, పాస్‌వర్డు కూడా అదే. ఆ అకౌంటు మాదే. నేనే కొట్టి పంచినా."

"కాదు మేడమ్, అది నా స్టాఫ్ అకౌంటు, నేనే ఇచ్చాను" అన్నాడు అనిల్ అదే సమయంలో.

"ఆయనకేం తెలీదమ్మా. ఆయన పూర్ణాలు తింటా ఉన్నాడు, అంతే."

"మామయ్యకు రూల్స్ తెలీవు మేడమ్. నేను చెప్పలేదు."

"చెప్పినా కొట్టేవాణ్ణే. నువ్వుండు నాయనా!" అన్నాడు శేషాద్రి. పెళ్లయినప్పటినుంచి అల్లుడుగారూ, మీరూ అన్న నోటితో అదే మొదటిసారి నాయనా అనడం. ఎవరూ గమనించలేదు గానీ అనిల్ గమనించాడు.

తనూజ మళ్లీ చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంది. శేషాద్రి బియ్యం బస్తా కింద నుంచి పళ్లెం లాగి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె గిద్దలూరు నుంచి కొనకనమిట్ల దాకా వేలు పెట్టి చదివింది. పెదవి బిగించి నవ్వు ఆపుకుంది గానీ, చివరి గడి దగ్గరికి వచ్చేసరికి ఆగలేదు.

"ఆరునుంచి ఏడు కొనకనమిట్ల. అడ్వర్టైజుమెంట్లు లేని నీళ్లు" అంది.

నవ్వడం అయ్యాక ఆమె మొహం మారింది. "అనిల్, మామగారు నిజం చెప్పారు కాబట్టి, నువ్వూ దాచలేదు కాబట్టి, ఇచ్చిన అకౌంటు సంగతి నేను చూసుకుంటాను. కానీ నీ లెక్క తప్పని తేలిపోయింది కదా. వంతులు కట్టుకుని చూసేవాళ్లను కుటుంబం అనుకుంది. అసలు కుటుంబాన్ని ఎట్లా గుర్తుపడుతుందో చెప్పలేకపోతే నిన్ను ఈ పనిలో ఉంచమని నేను పైవాళ్లకు ఏ మొహంతో చెప్పను?"

అనిల్ పళ్లెం తన వైపు తిప్పుకుని గళ్లు మళ్లీ మొదటినుంచి చదవసాగాడు.

ఇంతసేపూ వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్కొక్క ముక్కా పోగుచేసుకున్న ఉమామహేశ్వరికి సంగతి అప్పటికి పూర్తిగా బోధపడింది. ముందు మొగుడి మీదికి లేచింది. "బియ్యం బస్తా కింద పళ్లెం! మూడురోజుల నుంచి బస్తా ఎందుకు ఒరిగిందా అని చూస్తాండా. ఊరందరికీ చెప్పుకుని నాకొక్కదానికే చెప్పకపోతివి. చెప్పింటే ఆ డబ్బా ఇచ్చేదాన్నా?"

"ఏమే, అతిథుల ముందర..."

"నువ్వూరుకో." తర్వాత తనూజ వైపు తిరిగింది. "ఇందులో తెలీందేముందమ్మా? వంతు ప్రకారం బుద్ధిగా చూసేవాళ్లు ఒక ఇంటోళ్లు ఎట్లయితారు? బయటోళ్లయితే మొహమాటానికి వంతు పాటిస్తారు. మా ఇంట్లో ఇద్దరమే ఉండాం. నేను సీరియల్ పెడితే సగంలో ఈయన వార్తలు పెడతాడు. నేను మళ్లీ లాక్కుంటా. ఈయన అలిగి లేచిపోతాడు, అయిదు నిమిషాలకు మళ్లొచ్చి ఇంకోటి పెడతాడు. రోజుకు రెండుసార్లయినా రిమోటు కింద పడాల్సిందే. ఒక ఇంట్లో ఉండేవాళ్లకు వంతేంది, మర్యాదేంది? ఏ కార్యక్రమం చివరిదాకా సాగనియ్యరు. అట్ల కొట్టుకునేవాళ్లు కనపడితే అది సంసారం. కొట్టుకోకుండా గడియారం చూసుకుని లేచిపోతాంటే వాళ్లు చుట్టాలు."

తనూజ అనిల్ వైపు చూసింది. అనిల్ అప్పటికే జేబులోంచి పెన్ను తీసి, కాగితం దొరక్క, రవికె గుడ్డ చుట్టిన కవరు మీద రాసుకుంటున్నాడు. "సగంలో ఆపడం... మార్చడం... మళ్లీ అక్కడికే రావడం..." అని గొణుగుతున్నాడు. "అత్తయ్యా, అలిగి లేచాక మామయ్య అయిదు నిమిషాలకే వస్తారా?"

"ఒక్కోసారి మూడుకే" అంది ఉమామహేశ్వరి.

పోయేముందు తనూజ తన చేత్తోనే ఆ అకౌంటు మూసేసింది. అనిల్‌కు ప్రమోషన్ రాలేదు, ఉద్యోగం మాత్రం పోలేదు. మూడు వారాలు కూర్చుని లెక్కను తిరగరాశాడు. గొడవపడని ఇళ్లను పట్టుకునే ఆ లెక్క పెట్టిన మొదటివారంలోనే ఎన్నో అకౌంట్లు దొరికాయట. ఆ వార్త విని శేషాద్రి సంతోషించాలో, ఎక్కడో ఎవరో సరోజమ్మలాంటివాళ్ల వంతు పోయినందుకు బాధపడాలో తేల్చుకోలేక ఆ పూట దుకాణం తొందరగా కట్టేశాడు.

తన సంగతి మాత్రం ఆయన ఒక దారిన పెట్టుకున్నాడు. సొంత డబ్బుతో చందా కట్టి, ఇంటి టీవీలోనే, ఆ ఒక్క టీవీలోనే పెట్టించాడు. పాస్‌వర్డు ఎక్కడా కొట్టలేదు. కావాలంటే అందరూ ఇంటికే వచ్చి చూసుకోండని తలుపు తెరిచిపెట్టాడు. రంగనాయకమ్మకు తన ఇంట్లో ఉండేపనే లేకుండా పోయింది. దర్శి చెల్లెలు, గిద్దలూరు వాళ్లు సెలవు వస్తే వచ్చేవాళ్లు. సరోజమ్మ ఆదివారం చర్చి అయ్యాక రోజీతో బస్సెక్కి వచ్చి, వారం రోజుల పోలీసు కోడలిని ఒక్క మధ్యాహ్నంలో చూసేసేది. మొదటి ఆదివారం శేషాద్రి పళ్లెం తెచ్చి వంతులు చదవబోయాడు. ఒక్కరూ వినలేదు. ఇరవై ఏళ్లుగా ఆయన వంతు దాటని రంగనాయకమ్మ కూడా, "ఇంట్లో కూడా వంతులేందన్నా, చాల్లే" అని పళ్లెం అందుకుని దాన్లో మరమరాలు పోసుకుంది.

నెల తర్వాత ఒక ఆదివారం అనిల్ ఫోన్ చేశాడు.

"మామయ్యా, ఆఫీసులో లెక్కను మన ఊళ్ల మీద ఒకసారి పరీక్షించాం. మార్కాపురంలో ఒకే టీవీ ఉన్న అకౌంటు ఒకటి వచ్చింది, పేరు కనపడకపోయినా మీదేనని తెలిసిపోయింది. మూడు గంటల్లో ముప్పైసార్లు మార్చారంట. నిఖార్సయిన కుటుంబం, అనుమానమే లేదు అని చెప్పింది." అని నవ్వాడు. అంతలో ఫోన్లో గోల వినపడి, "ఎంతమంది ఉన్నారు మామయ్యా ఇంట్లో?" అన్నాడు.

శేషాద్రి గదిలోకి చూశాడు. రిమోటు ఒక కొస ఉమామహేశ్వరి చేతిలో ఉంది, ఇంకో కొస సరోజమ్మ చేతిలో ఉంది. "లాకప్పులో వేసేదాకా ఉండు వదినా!" అని సరోజమ్మ అరుస్తోంది. రోజీ రంగనాయకమ్మ ఒళ్లోని పళ్లెంలో చెయ్యిపెట్టి తిట్లు తింటోంది. చాప మీద గిద్దలూరు వాళ్లు పాటలు పెట్టమని అలిగి అటు తిరిగి పడుకున్నారు.

"ఎంతమందయితే ఏంది నాయనా" అన్నాడు. "అందరం ఒకే ఇంట్లో ఉండాం."

రిమోటు కింద పడి మూత ఊడింది. శేషాద్రి ఫోన్ చెవికి భుజంతో నొక్కిపెట్టి, వంగి, మంచం కింద బ్యాటరీ వెతకసాగాడు.